బీల్ వీధి పంతులుగారు

పాట పాడినవాడికి చరిత్రలో చోటుంది. పాట కట్టినవాడికీ, వాద్యం వాయించినవాడికీ, చివరకు ఆ పాటను గ్రామఫోను ప్లేటుకెక్కించి అమ్ముకున్న కంపెనీకి కూడా ఎంతో కొంత చోటుంది. రెండు పాటల నడుమ నాలుగు మాటలు చెప్పి, వేలాది ఇళ్లలో ఎవరికి వారుగా కూర్చున్న జనానికి తామంతా ఒకే అరుగు మీద ఉన్నట్టు తోపించినవాడికి మాత్రం లేదు. అతను కవి కాడు, గాయకుడు కాడు. అతని మాటలు అచ్చుకెక్కవు. ఆ రోజుల్లో చాలావరకు రికార్డుకు కూడా ఎక్కేవి కావు. గాలిలో పుట్టి గాలిలో కలిసిన మాటలకు విమర్శకుడు విలువ కట్టడం ఎట్లా? అందుకే మనం ఆ జోలికి పోము.

అమెరికాలో ఇటువంటివాణ్ణి డిస్క్ జాకీ అంటారు. ప్లేట్లను గుర్రాల మాదిరి తోలేవాడని ఆ మాటకు భావం. మాటలోనే కొంత వెక్కిరింత ఉంది. ఈ వ్యాసంలో నేను స్మరించబోయేది అటువంటి డిస్క్ జాకీ ఒకరిని. పేరు నేథనియల్ డౌడ్ విలియమ్స్. ఊరు టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్. జనం నోట ఆయన నాట్ డీ. 1948 నుంచి 1972 దాకా ఆయన గొంతు ఆ ఊరి నల్లవారి ఇళ్లలో వినిపించింది. ఆ కాలమంతా ఆయన హైస్కూల్లో చరిత్ర పాఠం చెప్పే పంతులు కూడాను. రేడియో ఆయనకు రెండో ఉద్యోగం. తెలుగు పాఠం చెప్పుకుని బతికే నాకు ఖండాంతరాల్లోని ఈ మనిషి మీద ఆసక్తి కలగడానికి మొదటి కారణం ఇదేనని వేరే చెప్పనక్కర లేదు.

ఆయనను గురించి రెండు కథలు చెప్పడానికి వీలుంది. ఒకటి యజమానుల కథ: పెద్ద మనసున్న తెల్ల యజమానులు నోరులేని నల్లజాతికి గొంతునిచ్చారు, ఆ పుణ్యం వారిది. రెండోది మన శిబిరం నుంచి ఎవరైనా తేలిగ్గా చెప్పగలిగే కథ: నష్టాల్లో కూరుకుపోయిన వ్యాపారి కొత్త గిరాకీ కోసం వెతికాడు, నల్లవారి జేబులు కనిపించాయి, ఆ జేబుల్లో చెయ్యి పెట్టడానికి ఒక నల్ల గొంతును అద్దెకు తెచ్చుకున్నాడు. రెండో కథలో మొదటిదానికన్న నిజం ఎక్కువ. కాని రెంటిలోనూ నాట్ విలియమ్స్ లేడు. మొదటి కథలో ఆయన దానం పుచ్చుకున్నవాడు, రెండో కథలో అద్దె సరుకు. 1948 నాటికి ఆయన వయసు నలభై దాటింది. అప్పటిదాకా ఆయన ఏం చేశాడో రెండు కథలూ అడగవు.

మెంఫిస్ మిస్సిసిపి నది ఒడ్డున పత్తి వ్యాపారంతో బలిసిన నగరం. చుట్టూ ఉన్న డెల్టా భూముల్లో పత్తి తీసినవాళ్లు నల్లవాళ్లు. నగరంలో బేళ్లకు ధర కట్టి సొమ్ము చేసుకున్నవాళ్లు తెల్లవాళ్లు. నాట్ రేడియోలోకి వచ్చేనాటికి నగర జనాభాలో నూటికి నలభై మంది దాకా నల్లవారే. బడులు వేరు, బస్సుల్లో సీట్లు వేరు, సినిమాహాలులో మెట్లు వేరు. జంతు ప్రదర్శనశాలకు కూడా నల్లవాళ్లు వారానికి ఒక్కరోజే వెళ్లాలి. ఊరి నడుమ వారిదంటూ ఉన్న వీధి బీల్ వీధి. 1907 అక్టోబరులో నాట్ పుట్టింది ఆ వీధిలోనే. ఆ సంగతి ఆయన జీవితాంతం గొప్పగా చెప్పుకున్నాడు. సంగీతజ్ఞుడు డబ్ల్యు.సి. హాండీ బ్లూస్ పాటలకు స్వరలిపి రాసి లోకానికి పరిచయం చేసింది ఆ వీధి నుంచే. బ్యాంకులు, మంగళిషాపులు, వైద్యుల ఆస్పత్రులు, జూదపు కొంపలు, చర్చిలు అన్నీ పక్కపక్కన ఉండేవి. తెల్లవారి నగరం తలుపు మూసేసిన జాతికి మంచీ చెడూ రెండూ ఒక్క వీధిలోనే ఇరుక్కున్నాయి.

నాట్ నాష్‌విల్ వెళ్లి నల్లవారి కళాశాలలో చదువుకుని, తిరిగి సొంత ఊరికే వచ్చి, 1930లో బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో ఉపాధ్యాయుడుగా చేరాడు. నలభై ఏళ్లకు పైగా ఆ బడి వదలలేదు. పాఠ్యపుస్తకంలో నల్లవారి చరిత్ర లేని రోజుల్లో తరగతిలో ఆ చరిత్ర చెప్పాడు. 1931లో మెంఫిస్ వరల్డ్ అనే నల్లవారి పత్రిక వెలిసినప్పుడు దానిలో శీర్షిక రాయడం మొదలుపెట్టాడు. తరువాత 1951లో వచ్చిన ట్రై-స్టేట్ డిఫెండర్‌లో ‘డార్క్ షాడోస్’ పేరుతో రాసినదీ ఆయనే. ఇది చాలదన్నట్టు బీల్ వీధిలోని ప్యాలెస్ థియేటరులో వారం వారం జరిగే కొత్త కళాకారుల పోటీకి వ్యాఖ్యాత. పాడినవాడు బాగా పాడకపోతే వేదిక మీద నుంచి తరిమేసే జనం ఎదుట నిలబడి ఆ జనాన్ని నవ్వించడం ఆయన పని.

పత్తి పండుగ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెంఫిస్ వర్తకులు ఏటేటా పత్తి పేరిట ఉత్సవం జరిపేవారు. ఊరేగింపు శకటాలను లాగడం తప్ప అందులో నల్లవారికి చోటు లేదు. గుర్రాలు చేయవలసిన పని మనుషుల చేత చేయించారు. అది చూసి మనసు విరిగిన వెన్సన్ అనే నల్ల దంతవైద్యుడు 1930ల నడుమ తమ పండుగ తామే జరుపుకోవాలని పూనుకున్నాడు. పత్తి పండించినవాళ్ల ఉత్సవమని దానికి పేరు వచ్చింది. ఆ ప్రయత్నంలో తొలినుంచీ తోడు నిలిచినవారిలో నాట్ ఒకడు. వర్తకుల పండుగకు ఎదురుగా, చెమటోడ్చినవాళ్లను పేరులోనే నిలబెట్టిన ఆ పట్టుదలను గమనించకుండా ఆయన రేడియో జీవితంలోకి దూకితే మనకు ఒక హాస్యగాడు మాత్రమే కనిపిస్తాడు.

1947 జూన్ 7న డబ్ల్యుడిఐఎ అనే చిన్న స్టేషను మెంఫిస్‌లో మొదలైంది. యజమానులు జాన్ పెప్పర్, బర్ట్ ఫెర్గుసన్ అనే ఇద్దరు తెల్లవారు. శక్తి 250 వాట్లు. పగటిపూట మాత్రమే ప్రసారం. అందరూ వేసే తెల్లవారి జానపద పాటలే వేశారు, అందరూ చెప్పేదే చెప్పారు, వినేవాళ్లు దొరకలేదు. ఏడాది తిరిగేసరికి తాళం వేయవలసిన స్థితి వచ్చింది. అప్పుడు ఫెర్గుసన్‌కు ఊరి జనాభాలో తమ లెక్కలోకి రాని ఆ నలభై శాతం గుర్తుకు వచ్చింది. నల్లవారి కార్యక్రమాలు అప్పటికే దేశంలో లేకపోలేదు. షికాగోలో జాక్ కూపర్ 1929 నుంచీ నల్లవారి కోసం ప్రసారాలు చేస్తున్నాడు. కాని షికాగో ఉత్తరాదిలో ఉంది. దక్షిణాదిలో, బానిసత్వపు పోకడలు ఇంకా చావని పత్తి నగరంలో, మైకు ముందు నల్లవాణ్ణి కూర్చోబెట్టి ఇతను నల్లవాడని చెప్పి మరీ ప్రసారం చేయడం వేరు.

1948 అక్టోబరు 25, సాయంత్రం నాలుగు గంటలు. కార్యక్రమం పేరు ‘టాన్ టౌన్ జాంబరీ’. బడి వదిలాక రావడానికి అనువుగా ఆ వేళ పెట్టారు. మైకు తెరుచుకుంది. పద్దెనిమిదేళ్లుగా పిల్లల ముందూ, ప్యాలెస్ థియేటరు జనం ముందూ ఏనాడూ తడబడని మనిషికి చెప్పవలసిన మాట గుర్తు రాలేదు. గట్టిగా నవ్వేశాడు. పొట్ట చెక్కలయ్యేట్టు, ఆగకుండా నవ్వాడు. ఆ నవ్వే ఆయన ముద్ర అయింది. ఆ తర్వాత పాతికేళ్లపాటు ఆయన కార్యక్రమం ఆ నవ్వుతోనే తెలిసేది.

ఈ నవ్వును గురించి ఒక మాట. తెల్ల అమెరికా తన వినోద వేదికల మీద నల్లవాణ్ణి ఎప్పుడూ నవ్వే బొమ్మగా చూపించింది. ముఖానికి మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించిన తెల్ల నటుల పరంపర అక్కడ వందేళ్లది. రేడియోలో కూడా నల్లవారి పాత్రలను తెల్లవారే గొంతు మార్చి పలికిన కార్యక్రమాలు దేశమంతా విని ఆనందించింది. అటువంటి దేశంలో నల్లవాడు మైకు ముందు నవ్వడం ప్రమాదకరమైన పని. ఆ నవ్వు పాత బొమ్మ నవ్వుగా చెవిన పడవచ్చు. అది అట్లా పడలేదంటే, విన్నవాళ్లు ఆ మనిషిని ఎరుగుదురు కనుక. తమ పిల్లవాడికి పాఠం చెప్పిన పంతులు, పత్రికలో తమ సంగతులు రాసే మనిషి, తమ వీధిలో పుట్టినవాడు నవ్వుతున్నాడని వారికి తెలుసు. తన నలుపు మీద, తన దళసరి కళ్లజోడు మీద ఆయన వేసుకున్న ఛలోక్తులు ఇంటి మనిషి ఛలోక్తులుగానే చెల్లాయి. తెల్లవారిలో కొందరికి మాత్రం ఆ నవ్వులో అపాయం సరిగ్గానే వినిపించింది. స్టేషనును బాంబులతో పేల్చేస్తామని బెదిరింపులు వచ్చాయి.

నా వాదమంతా ఇక్కడే ఉంది. నాట్ విలియమ్స్‌కు శ్రోతలను రేడియో సంపాదించి పెట్టలేదు. తరగతి గదిలో, పత్రికలో, థియేటరులో పద్దెనిమిదేళ్లు శ్రమించి ఆయన ఒక సభను సిద్ధం చేసుకున్నాడు. 250 వాట్ల యంత్రం వచ్చి ఆ సభకు తీగ తగిలించింది. వ్యాపారి కొన్నది ఒక గొంతును. ఆ గొంతు వెంట ఒక సమాజం కదిలి వచ్చింది. ఏడాది గడిచేసరికి స్టేషను మొత్తం నల్లవారి కార్యక్రమాలకు మారిపోయింది. అట్లా మారిన స్టేషన్లలో దేశంలో ఇదే మొదటిది. 1954లో దాని శక్తి 50,000 వాట్లకు పెరిగింది. డెల్టా పత్తిచేలు దాటి గల్ఫు తీరం వరకు వినిపించసాగింది. అమెరికాలోని నల్లవారిలో పదోవంతు తమ శ్రోతలేనని స్టేషను వారు చాటుకున్నారు. వ్యాపారి లెక్కను కొంత తగ్గించి చూసినా చిన్న సంగతి కాదు.

ఇక ఆ స్టేషను లోపలి ఏర్పాటు చూడండి. తొలి సంవత్సరాల్లో ప్లేట్లు తిప్పే యంత్రాల ముందు కూర్చునేవాళ్లు తెల్లవారు. అద్దపు గోడకు ఇవతల మైకు ముందు నల్లవాడు. పాట పేరు చెప్పేది ఇతను, ప్లేటు మీద ముల్లు పెట్టేది అతను. దక్షిణాదిలోనే ప్రఖ్యాతుడైన డిస్క్ జాకీకి తన డిస్కును తాకే హక్కు లేదు. పొలం దున్నేవాడికి పొలం మీద హక్కులేని వ్యవస్థ ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. అద్దానికి అవతల కూర్చున్న తెల్ల కుర్రవాళ్లలో లూయీ కాంటర్ ఒకడు. అతను తరువాత చరిత్ర ఆచార్యుడై 1992లో ఆ స్టేషను చరిత్రను పుస్తకంగా రాశాడు. నాట్ గురించి లోకానికి ఈనాడు తెలిసినదానిలో ఎక్కువ భాగం ఆ పుస్తకం పుణ్యమే. ఆ కృతజ్ఞత ఉంచుకుంటూనే, అద్దానికి ఏ వైపున కూర్చున్నవాడు చరిత్ర రాయగలిగాడో గమనించవలసి ఉంటుంది.

నాట్ దినచర్య ఇట్లా ఉండేది: తెల్లవారగానే స్టేషనులో ఉదయపు కార్యక్రమం, అక్కణ్ణించి బడి, సాయంత్రం దాకా పాఠాలు, నాలుగింటికి మళ్లీ మైకు. మధ్యలో పత్రికకు శీర్షిక. రోజుకు మూడు క్లాసులు చెప్పి ఇల్లు చేరేసరికి ఇంట్లోవాళ్లతో మాట్లాడే ఓపిక మిగలని నాబోటివాళ్లు దీన్ని నమ్మడం కష్టం. అయితే ఇందులో త్యాగం ఎంతో అవసరం కూడా అంత ఉంది. నల్ల ఉపాధ్యాయుడి జీతం తెల్ల ఉపాధ్యాయుడి జీతం కన్న తక్కువగా ఉన్న కాలం అది. రెండో ఉద్యోగం లేకుండా గడవనివాళ్లు ఆ స్టేషనులో మరికొందరు ఉన్నారు. నాట్‌కు శిష్యుడై, ప్యాలెస్ వేదిక మీద ఆయన తరువాత వ్యాఖ్యాతగా నిలిచిన రూఫస్ థామస్ పగలు బట్టల మిల్లులో బాయిలర్ల దగ్గర పనిచేసి వచ్చి రేడియోలో పాటలు వేసేవాడు. తరువాత గాయకుడుగా దేశమంతా పేరు తెచ్చుకున్నది ఆ రూఫస్ థామసే. పగలు మిల్లు చెమట, సాయంత్రం మైకు. ఆ గొంతులో మిల్లు వాసన ఉండడం వల్లనే పత్తిచేలో రేడియో పెట్టుకున్నవాడికి అది తన గొంతనిపించి ఉంటుంది.

భాష విషయం నాకు ముఖ్యమైనది కనుక కొంచెం నిలుస్తాను. నాట్ చదువుకున్నవాడు, వ్యాకరణం తెలిసినవాడు. బడిలో మాట్లాడే ఇంగ్లీషు వేరు, బీల్ వీధి ఇంగ్లీషు వేరు. రేడియోలో ఆయన రెంటినీ కలిపి వాడాడు. పంతులు మాట మధ్యలో వీధి మాట వచ్చేది. వీధి మాట వెనుక పంతులు తొంగిచూసేవాడు. గిడుగువారి పోరాటం చదువుకున్న మనకు దీని విలువ తేలిగ్గా అర్థం కావాలి. అణగారినవాళ్ల పలుకుబడిని వెక్కిరించడానికి మాత్రమే రేడియోకెక్కించే దేశంలో, అదే పలుకుబడిని మర్యాదతో ఎక్కించడం మామూలు సంగతి కాదు. కాలక్షేపం మాటల్లో కూడా ఒక జాతి తన నాలుకను తాను తిరిగి సంపాదించుకోవచ్చు.

ఆయన తొలి ప్రసారం జరిగిన అయిదు వారాలకు, 1948 డిసెంబరు 1న, మన విజయవాడ రేడియో కేంద్రం ప్రారంభమైంది. కాలం ఒకటే కాని దారులు వేరు. మనది ప్రభుత్వ రేడియో. దానికి సబ్బుల కంపెనీలతో పని లేదు. అది దాని బలం. ఆ బలంతో నాటకాలు, సంగీతం, రైతుల కార్యక్రమాలు ఎంతో శ్రద్ధగా వినిపించింది. కాని జనానికి ఏది మంచిదో తానే నిర్ణయించగలననే పెద్దరికం కూడా ఆ బలంతోనే వచ్చింది. కేంద్రమంత్రి కేస్కర్ హయాంలో 1952 ప్రాంతంలో సినిమా పాటలకు ఆకాశవాణి తలుపులు దాదాపు మూసేశారు. జనం ఊరుకున్నారా? రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. ఆ ఏడాదే అక్కడ బినాకా గీత్‌మాలా మొదలై, 2024లో కన్నుమూసిన అమీన్ సయానీ దేశమంతటికీ ఆప్తుడయ్యాడు. సిలోన్ నుంచి తెలుగు పాటలు వేసిన మీనాక్షి పొన్నుదురై పేరు చెబితే మా ఇళ్లలో పెద్దవాళ్ల ముఖాలు ఇప్పటికీ విచ్చుకుంటాయి. సర్కారు పనికిరాదన్న పాటను పళ్లపొడి కంపెనీ అందించింది. మెంఫిస్‌లో నగరం పనికిరాదన్న మనిషికి టానిక్కుల కంపెనీ మైకు ఇచ్చింది. సరుకు అమ్ముకునేవాడు జనాభిమానాన్ని పండితుడికన్న ముందుగా పసిగట్టడం మనకు మింగుడుపడని సంగతే అయినా, రెండు దేశాల అనుభవమూ అదే చెబుతున్నది.

టానిక్కు అని ఊరికే అనలేదు. మిస్సిసిపి పత్తిచేల నుంచి గిటారు పట్టుకుని వచ్చిన ఒక కుర్రవాడికి ఆ స్టేషను తొలిరోజుల్లోనే పది నిమిషాల కార్యక్రమం దొరికింది. పెప్టికాన్ అనే టానిక్కు పేరు పొగుడుతూ పాడడం ఆ పది నిమిషాలకు ఖరీదు. బీల్ వీధి బ్లూస్ కుర్రాడని శ్రోతలు పిలిచిన ఆ పేరే పొట్టిదై బి.బి. కింగ్ అయింది. అమెరికా సంగీతంలో ఆయన స్థానం ఏమిటో నేను చెప్పనక్కర లేదు. మందుసీసా మీద ఎక్కి వచ్చిన కళాకారుడు కనుక అతని కళ కూడా మందుసీసాయేనని తేల్చే విమర్శ మనకు కొంతకాలం ఉండేది. దాన్ని ఈ ఒక్క ఉదాహరణే నిలవనివ్వదు.

పాటలకన్న ముఖ్యమైన పని మరొకటి ఆ స్టేషను చేసింది. తప్పిపోయిన పిల్లలు, పోగొట్టుకున్న వస్తువులు, చర్చి సమావేశాలు, చనిపోయినవారి కబుర్లు రేడియోలో చెప్పేవారు. ఊళ్లో మిగతా పత్రికలు, రేడియోలు నల్లవారిని గురించి నేరం జరిగితే తప్ప మాట్లాడని రోజులవి. ఒక నల్లతల్లి బిడ్డ తప్పిపోవడం కూడా వార్తేనని లోకానికి వినిపించిన మొదటి యంత్రం ఇది. విల్లా మన్రో అనే ఆమె గృహిణుల కోసం కార్యక్రమం నడిపింది. తెల్లవారి వంటిళ్లలో పనిచేసే ఆడవాళ్లను ‘గృహిణీ’ అని సంబోధించిన గొంతు అంతకుముందు ఆ గాలిలో లేదు. ఏటా పెద్ద సంగీత సభలు జరిపి, వచ్చిన డబ్బుతో అంగవికలురైన నల్లపిల్లలను బడికి చేర్చే బస్సు కొన్నారు, పిల్లలకు బేస్‌బాల్ జట్లు ఏర్పాటు చేశారు. నాట్ స్వయంగా ‘బ్రౌన్ అమెరికా స్పీక్స్’ అనే చర్చా కార్యక్రమం నడిపాడు. నల్లవారి సమస్యలను నల్లవారే కూర్చుని మాట్లాడుకున్న ఆ కార్యక్రమానికి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వారి బహుమతి వచ్చింది.

స్టేషను తనకు పెట్టుకున్న బిరుదు ‘గుడ్‌విల్ స్టేషను’. ఈ సద్భావం ఎవరికి ఎవరి మీద? బస్సు కొనడం మంచిదే; నల్లపిల్లలను ఎక్కించుకునే బస్సు నగరపాలకులు ఎందుకు నడపలేదన్న ప్రశ్న ఆ మంచితనం కింద అణిగిపోయింది. 1957లో ఆ స్టేషను పది లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ ధరను కష్టపడి పెంచిన గొంతులకు అందులో వాటా లేదు. కొన్నవాడూ తెల్లవాడే. 1949లోనే అట్లాంటాలో జెస్సీ బ్లేటన్ అనే నల్ల అకౌంటెంటు డబ్ల్యుఇఆర్‌డి అనే స్టేషను కొని, నల్లవారి యాజమాన్యంలో తొలి రేడియో నడిపాడు. మెంఫిస్‌లో ఆ పని జరగలేదు.

నాట్ వీటినన్నిటినీ ఎదిరించాడా? లేదు. ఆయన ఊరేగింపుల మనిషి కాడు. బడి ఉద్యోగం తెల్ల అధికారుల చేతిలో ఉంది, రేడియో ఉద్యోగం తెల్ల యజమాని చేతిలో ఉంది. ఉద్యమాల కాలపు యువకుడు ఎవరైనా ఆయన మెత్తదనాన్ని తప్పు పట్టదలిస్తే ఆ తప్పు పట్టడంలో న్యాయం లేకపోదు. కాని ఆయన మెత్తదనంలో ముల్లు ఎక్కడ ఉందో చూడడానికి ఒక ఉదాహరణ చాలు. 1956 డిసెంబరులో స్టేషను వారి సంగీత సభకు, అప్పటికే దేశాన్ని ఊపేస్తున్న ఎల్విస్ ప్రెస్లీ వచ్చాడు. రూఫస్ థామస్ అతన్ని వేదిక మీదికి తెచ్చేసరికి నల్ల ఆడపిల్లలు కేకలు వేస్తూ మీదికి ఉరికారు. పత్రికలు సాధారణంగా అటువంటి దృశ్యాన్ని చూసి మురిసిపోతాయి. నాట్ తన పత్రికా శీర్షికలో ఎప్పటి నవ్వుతోనే అడిగాడు: మన బి.బి. కింగ్ పాడితే నోరు విప్పని పిల్లలు ఈ తెల్లకుర్రవాణ్ణి చూసి ఇంతగా ఎందుకు కేకలు వేశారు? ఈ ఆరాటం వెనుక మనలో ఎప్పటినుంచో పేరుకున్న కోరిక ఏదైనా ఉందా? పాలకుల అందాన్నే అందమని నమ్ముకున్న ఏ జాతికైనా ఈ ప్రశ్న తగులుతుంది. ఛలోక్తిగా వేసిన ఆ ప్రశ్నకు ఉపన్యాసం అక్కర లేదు.

అదే ఊళ్లో డూయీ ఫిలిప్స్ అనే తెల్ల డిస్క్ జాకీ ఉండేవాడు. 1949 నుంచి వేరే స్టేషనులో నల్లవారి పాటలను తెల్ల కుర్రకారుకు వినిపించాడు. 1954 జూలైలో ఎల్విస్ తొలి ప్లేటు వేసినదీ అతనే. ధైర్యవంతుడే, అతన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అతని జీవితపు ఛాయలతో అల్లిన ‘మెంఫిస్’ అనే సంగీత నాటకం 2010లో అమెరికా రంగస్థలపు అత్యున్నత బహుమతి పొందింది. హద్దు దాటి నల్లవారి పాట విన్న తెల్లవాడి కథ నాటకమవుతుంది. హద్దుకు ఇవతలే ఉండి ఆ పాటకు పాతికేళ్లు కాపు కాసినవాడి కథకు అంత గిరాకీ లేదు. వ్యాసం మొదట్లో చోటు గురించి అన్నమాటకు ఇంతకన్న సాక్ష్యం నేను చూపలేను.

1972లో నాట్‌కు పక్షవాతం వచ్చింది. బడి, రేడియో రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. గొంతే జీవనమైన మనిషి తర్వాత పదకొండేళ్లు బతికాడు. ఆ ఏళ్లలోనే పట్టణ పునర్నిర్మాణం పేరిట బీల్ వీధి చుట్టుపక్కల వందల కట్టడాలను నేలమట్టం చేశారు. ప్యాలెస్ థియేటరు కూడా పోయింది. మిగిలిన ముక్కను తరువాత ముస్తాబు చేసి యాత్రికులకు చూపిస్తున్నారు. 1983 అక్టోబరులో నాట్ చనిపోయాడు.

ఆయన శిష్యుడు రూఫస్ థామస్ మాత్రం 2001 డిసెంబరులో కన్నుమూసే ముందు రోజుల దాకా, ఎనభై నాలుగేళ్ల వయసులో కూడా, అదే స్టేషనులో శనివారం ఉదయం బ్లూస్ పాటలు వేస్తూనే ఉన్నాడు.